అరిగిన టైరు: ఏది రీబటన్‌కి, ఏది పశువుల తొట్టికి

టైరు గుండయిందని తీసి షెడ్డు పక్కన పడేసే ముందు దాన్ని లోపలి నుంచి చూడాలి. పైన బటన్ (రోడ్డుకి తగిలే గాడుల రబ్బరు) ఎంత మిగిలిందన్నది సగం సంగతే. కేసింగ్, అంటే బటన్ కింద ఉండే టైరు ఒళ్లు, బాగుంటే రీబటన్‌కి (పైన కొత్త బటన్ వేయడానికి) పోతుంది, లేకపోతే వేరే దారి చూడాలి. సాలూరు నుంచి సుంకి ఘాటు (కొండ రోడ్డు) ఎక్కి ఒడిశాలోని కోరాపుట్, జయపురం తిరిగే లారీలకు ఈ పరీక్ష మరీ అవసరం. ఘాటు దిగేటప్పుడు చిన్న గేరులో రాకుండా బ్రేకు తొక్కుతూనే వస్తే డ్రమ్ము వేడి రిమ్ము మీదుగా బీడింగుకి (రిమ్ములో కూర్చునే టైరు అంచుకి) ఎక్కుతుంది. బీడింగు రబ్బరు గట్టిపడి, వంచితే చిట్లుతుంది. అలాంటి టైరుకి బటన్ సగం ఉన్నా రీబటన్ నిలవదు.

చూసే పద్ధతి ఇది. టైరు కడిగి ఆరబెట్టి, లోపల టార్చి వేసి చుట్టూ తిప్పాలి. చేతికి గుడ్డ చుట్టుకుని లోపలంతా తడమాలి, తెగిన తీగ ఉంటే గుడ్డకి తగులుకుంటుంది. పక్క గోడ లోపల చుట్టూరా గీతలాంటి మడత, నల్లటి రబ్బరు పొడి కనిపిస్తే అది గాలి లేకుండా నడిచిన టైరు. వెనక జంట చక్రాల్లో లోపలి దానికి ఇది ఎక్కువ, ఎందుకంటే గాలి దిగినా పక్క టైరు బరువు మోస్తుంది కాబట్టి డ్రైవరుకి తెలియదు. తర్వాత పైన చిన్న సుత్తితో వరసగా కొట్టుకుంటూ పోవాలి. ఒకచోట మాత్రం డొల్ల చప్పుడొస్తే లోపల పొరలు విడిపోయాయని అర్థం. టైరు వయసు కూడా చూడండి. పక్క గోడ మీది కోడులో చివరి నాలుగు అంకెలూ తయారైన వారం, సంవత్సరం: 2319 అంటే 2019లో 23వ వారం.

రీబటన్‌కి పంపాలనుకుంటే పూర్తిగా గుండయ్యే దాకా ఆగకూడదు, 3 మిల్లీమీటర్లు మిగిలుండగానే తీయాలి. రేడియల్ టైరులో ఇనప తీగ బయటపడితే వాన నీళ్లు దిగి తుప్పు పడుతుంది, ఆ తుప్పు మీద ఏ గమ్మూ అంటదు.

ఈ పని రెండు రకాలు. వేడి పద్ధతిలో పచ్చి రబ్బరు చుట్టి అచ్చులో దాదాపు 150 డిగ్రీల దగ్గర ఉడికిస్తారు. చల్ల పద్ధతిలో ముందే ఉడికి గాడులు పడిన పట్టీని గమ్ము పొరతో అతికించి ఛాంబర్లో 100 డిగ్రీల చుట్టుపక్కల గంటల తరబడి ఉంచుతారు. పేరుకే చల్ల! వేడి తక్కువ కాబట్టి కేసింగ్ తక్కువ నలుగుతుంది, రేడియల్‌కి ఇదే మేలు. షాపులో ఒక్కటి మాత్రం మీ కళ్లతో చూడండి: బఫింగ్ (పాత బటన్ గీకడం) అయిన పైభాగం ఉప్పు కాగితం పట్టినట్టు మెరుపు లేకుండా గరుగ్గా ఉండాలి. నిగనిగలాడితే బ్లేడు మొద్దుబారి రబ్బరు మాడిందన్నమాట. దాని మీద వేసిన పట్టీ ఘాటు వేడికి ఊడొస్తుంది. వానాకాలం బఫింగ్ చేసిన టైరు రాత్రంతా ఉంచినా, సొల్యూషన్ (రబ్బరు జిగురు) ఆరకుండా పట్టీ చుట్టినా, చెయ్యి చెమట అంటినా ఇదే గతి. రీబటన్ టైరు వెనక చక్రాలకే, స్టీరింగ్ చక్రానికి వద్దు.

పరీక్షలో పోయిన వాటిలో ట్రాక్టరు వెనక నైలాన్ టైరు పశువుల తొట్టికి బాగా పనికొస్తుంది. ఇనప తీగల రేడియల్‌ని తొట్టి చేయొద్దు. కోసిన అంచులో తీగ మొనలు లేచి ఎద్దు మూతి చీరేస్తాయి.

13.6–28 సైజు ట్రాక్టరు టైరు తీసుకుందాం. తొట్టి ఉండాల్సిన చోటే పని చేయాలి, సిమెంటు పడ్డాక కదలదు. నేల చదును చేసి పాలిథీన్ పరిచి టైరు పడుకోబెట్టండి. పై గోడని బటన్ అంచుకి నాలుగు వేళ్లు లోపలగా చుట్టూ కోయాలి. ముందు డ్రిల్లుతో బెజ్జం పెట్టి పదునైన కత్తి దింపి, సబ్బు నీళ్లు పోస్తూ ఒకే వైపు లాగితే తెగుతుంది. సబ్బు లేకపోతే రబ్బరు కత్తిని పట్టేస్తుంది. గ్రైండరు వాడితే పొగ, పైగా డిస్కు ఇరుక్కుని ఎగిరే ప్రమాదం. బీడింగుకి కత్తి తగలనివ్వొద్దు, అందులో ఉక్కు తీగ ఉంది.

లోపల వైరు బ్రష్షుతో రుద్ది కడగండి. 10 లీటర్ల బకెట్‌తో 2 సిమెంటు, 4 ఇసుక, 8 సన్న కంకర చిప్స్ కలిపితే అడుగుకి సరిపోతుంది. నీళ్లు 14 లీటర్లు దాటనివ్వొద్దు. రబ్బరుకి సిమెంటు అతకదు, అందుకే కింది బీడింగు కాంక్రీటులో పైనా కిందా మునిగి ఉండాలి. కర్రతో బీడింగు కిందికి కూరండి. చాలామంది మధ్య గుండ్రం మాత్రమే నింపి వదిలేస్తారు. అప్పుడు చుట్టూ కింది గోడలో కాలువలా పల్లం మిగిలి, ఎంత తోడినా నీళ్లు పోవు. ఆ పల్లం కూడా నింపి, నీళ్లు వదలడానికి కాంక్రీటు పోసే ముందే అమర్చిన అంగుళం పైపు మూతి వైపు అడుగు వాలు ఇవ్వాలి. పైపు చివర మూత బిగించే మర ఉండాలి. పది రోజులు తడిపి ఉంచి, మొదటి రెండు విడతల సున్నపు నీళ్లు పారబోశాకే పశువుల్ని వదలండి. తొట్టిలో 150 లీటర్లకు పైనే నీళ్లు పడతాయి. మనుషులు తాగే నీళ్లకు ఇది వద్దు, టైరు రబ్బరులోంచి జింకు దిగుతుంది.

వారానికోసారి మూత విప్పి ఖాళీ చేసి గోడలు తోమాలి. డెంగీ దోమ గుడ్లు గోడకే అంటుకుని ఎండినా నెలల తరబడి బతుకుతాయి, నీళ్లు తగలగానే పొదుగుతాయి. కోరాపుట్, మల్కన్‌గిరి, రాయగడ వైపు మలేరియాతోనే సరిపోతోంది. షెడ్డులో పడున్న టైర్లకు కూడా కింద మూడు నాలుగు బెజ్జాలు పెట్టాలి, లేదా కప్పాలి.

మిగిలినవి తుక్కు కొట్టుకి. తీగ కోసం పెరట్లో కాల్చొద్దు, ఒకసారి అంటుకుంటే టైరు బోలు లోపల గాలి ఉండి నీళ్లు పోసినా ఆరదు. యంత్రాల్లో నలిపితే తీగని అయస్కాంతం లాగేస్తుంది, రబ్బరు పొడి రోడ్డు తారులో, మ్యాట్లలో కలుస్తుంది. పైరాలిసిస్‌లో గాలి లేకుండా వేడి చేసి నూనె, బొగ్గు పొడి తీస్తారు. 2022 జూలై నుంచి పాత టైర్ల రీసైక్లింగ్ బాధ్యత తయారీదారుల మీద కూడా పెట్టారు, రీసైక్లర్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదు కావాలి. లారీ నిండా అమ్మేవాళ్లు కొనేవాణ్ని ఆ నమోదు అడగాలి.

తొట్టికి కోసినప్పుడు ఊడొచ్చిన పై గోడ రింగుని మాత్రం తుక్కులో వేయకండి. బీడింగు బరువుంటుంది, నీళ్లు నిలవవు, గాలులు లేచినప్పుడు గడ్డివాము మీద టార్పాలిన్ ఎగరకుండా పెట్టడానికి రాళ్ల కంటే మేలు, పట్టా చిరగదు.