మేడమీద పోర్షన్ అద్దె, దాని పన్ను లెక్క

ఇల్లు అద్దెకిచ్చుకునేవాళ్లకు ప్రభుత్వం ఏమీ చేయదని మా గుంటూరులో పెద్దవాళ్లు తరచూ అంటుంటారు. చేతికి డబ్బు తెచ్చివ్వదు, నిజమే. ఆదాయపు పన్నులో వదిలేసేది మాత్రం తక్కువేమీ కాదు. అద్దెను రిటర్నులో చూపిస్తేనే అది దక్కుతుంది.

నా లెక్కే చెబుతాను. పై పోర్షన్ అద్దె నెలకు 12,000, ఏడాదికి 1,44,000. ముందు ఆ పోర్షన్ వంతు ఇంటి పన్ను 4,000 తీసేస్తాను. మిగిలిన 1,40,000లో 30 శాతం, అంటే 42,000, ఒక్క బిల్లూ అడగకుండా మినహాయిస్తారు. పన్నుకు లెక్కించేది 98,000 మాత్రమే. ఆదాయపు పన్ను లెక్కకు రెండు పద్ధతులున్నాయి కదా, పాతదీ కొత్తదీ, ఆ రెంటిలోనూ ఇది ఉంది. గోడలకు సున్నాలు, ప్లంబరు, మోటారు రిపేరు అన్నీ ఆ 30 శాతంలోనే కలిసిపోతాయి, విడిగా ఒప్పుకోరు. ఆ ఏడు రూపాయి ఖర్చు కాకపోయినా 30 శాతం మీదే. అందుకని రిపేరు బిల్లులు దాచుకోనక్కర్లేదు.

దాచాల్సింది ఇంటి పన్ను రసీదు. ఓనరే కట్టాలి, అదీ ఆ ఆర్థిక సంవత్సరంలోనే కట్టాలి. అద్దెకున్నవాళ్లు కట్టినా, బకాయి పెట్టినా ఆ ఏడు తీసేయడానికి లేదు. నేనైతే ఏప్రిల్లోనే కట్టేస్తాను. ఏడాది మొత్తం ఆ నెలలోనే ఒకేసారి కడితే మున్సిపాలిటీ 5 శాతం తగ్గిస్తుంది.

ఇంటి లోను ఉంటే దాని వడ్డీ కూడా అద్దె ఆదాయంలోంచి తీసేస్తారు. కాకపోతే వడ్డీ అద్దెను మించితే, పాత పద్ధతిలో ఏడాదికి 2 లక్షల దాకా జీతం, పెన్షన్ లాంటి ఆదాయంలో సర్దుకోవచ్చు. కొత్త పద్ధతిలో ఆ వీలు లేదు. లోను పెద్దదైతే రెండు పద్ధతుల్లోనూ లెక్క వేయించి చూసుకోండి.

తిరిగి ఇచ్చేసే అడ్వాన్సు ఆదాయం కాదు. ఇల్లు భార్యాభర్తల పేరున వాటాలు తేల్చి ఉంటే ఎవరి వాటా అద్దె వాళ్లు చూపించుకోవాలి.

అద్దెకున్న అబ్బాయి పాన్ నంబరు అడిగితే దయచేసి ఇవ్వండి. ఏడాది అద్దె లక్ష దాటితే, అద్దె అలవెన్సు మినహాయింపు కోసం ఆఫీసులో అతను మీ పాన్ ఇవ్వాలి. ఇవ్వనంటే ఆ పిల్లాడి జీతంలో కోత పడుతుంది. ఇందాకటి లెక్క చూశారుగా, అద్దె చూపించడానికి అంత భయం అక్కర్లేదు. అరవై నిండి వ్యాపార ఆదాయం లేనివాళ్లు అడ్వాన్స్ టాక్సు (ఏడాది మధ్యలోనే ముందుగా కట్టే పన్ను) వాయిదాలు కట్టాల్సిన పనీ లేదు. పన్నేమైనా పడితే రిటర్నుతోపాటు కడితే చాలు.