మామిడి జీడి పిండితో జీవానుకూల పొరలు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

చిత్తూరు, తిరుపతి జిల్లాల గుజ్జు ఫ్యాక్టరీలు తోతాపురి సీజన్‌లో కుప్పలుగా పారబోసే టెంకల లోపలి జీడిలో, ఎండు బరువున సగానికి పైగా ఉండేది పిండి పదార్థమే. దానిని, పొరను మెత్తగా ఉంచే గ్లిజరిన్‌తో ఉడికించి ఆరబెడితే, కణాల పెంపకానికీ గాయపు కట్ల పరిశోధనకూ పనికివచ్చే పలుచని పొర వస్తుంది. పిండి స్వతహాగా కణాలకు హాని చేయదు. దానితోపాటు మిగిలిపోయినవే చేస్తాయి. కాబట్టి పొరలో లోపం కనిపించినప్పుడు టెంక పగలగొట్టిన దశ నుంచే వెతుక్కుంటూ రావాలి.

పిండి గోధుమరంగుకు తిరగడం

జీడిని కోయగానే అందులోని వగరు పదార్థాలు, అంటే పాలీఫినాల్స్, గాలి తగిలి ఎంజైముల వల్ల నల్లబడతాయి. తాజా టెంకనే తీసుకుని, జీడిని 0.2 శాతం సోడియం మెటాబైసల్ఫైట్ నీటిలో మునిగి ఉండగానే ముక్కలు చేసి, రుబ్బి, గుడ్డలో వడగట్టి, తేరనివ్వాలి. అడుగున పేరుకున్న తెల్లని పిండి మీది గోధుమరంగు పొరను తీసివేసి, పైనీరు తేటపడేదాకా పలుమార్లు కడిగి, 50 డిగ్రీల సెల్సియస్ మించకుండా ఆరబెట్టాలి. కుప్పలో పులిసి వాసన పట్టిన టెంకను మాత్రం వదిలేయడమే మేలు. ఎందుకో చివర తెలుస్తుంది.

పొర పగలడం, లేదా చేతికి అంటుకోవడం

100 మిల్లీలీటర్ల నీటికి 4 గ్రాముల పిండి, ఒక గ్రాము గ్లిజరిన్‌తో మొదలుపెట్టి, ద్రావణం పారదర్శకంగా మారేదాకా 85–90 డిగ్రీల వద్ద కలుపుతూ ఉడికించాలి. పొరలో తెల్లని రేణువులు కనిపిస్తే ఉడుకు చాలలేదని అర్థం. మే నెల ఎండల్లో ఆరుబయట పెడితే అంచులు ముందుగా బిగుసుకుని చిట్లుతాయి. నవంబరు వానల్లో అదే పొర గ్లిజరిన్ పీల్చుకున్న తేమతో జిగటగా మారుతుంది. అందువల్ల గ్లిజరిన్ మోతాదును మార్చేముందు, 40 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి చూడాలి. బుడగలు వస్తే పోతపోసే ముందు ద్రావణాన్ని కాసేపు కదపకుండా ఉంచితే చాలు.

కల్చర్ ద్రవంలో (కణాలను పెంచే పోషక ద్రవంలో) పొర కరిగిపోవడం

దీనికి రెండు కారణాలున్నాయి. ఫాస్ఫేట్ బఫర్‌లో, అంటే పీహెచ్‌ను నిలకడగా ఉంచే ఉప్పు ద్రావణంలో కూడా కరిగితే పిండి గొలుసుల మధ్య బంధాలు లేవన్నమాట: సిట్రిక్ యాసిడ్ కలిపి, పొరను పూర్తిగా ఆరబెట్టిన తరువాత 150 డిగ్రీల వద్ద కొద్ది నిమిషాలు వేడిచేస్తే గొలుసులను కలిపే ఎస్టర్ బంధాలు ఏర్పడతాయి. బఫర్‌లో నిలిచి సీరం (రక్తం నుంచి తీసిన తేట ద్రవం) ఉన్న ద్రవంలోనే కరిగితే, సీరంలోని అమైలేజ్ అనే ఎంజైము పిండిని జీర్ణం చేస్తోందని గ్రహించాలి. గ్లూటరాల్డిహైడ్‌తో గట్టిపరచడం సులువే గాని, మిగిలిపోయిన కొద్దిపాటి గ్లూటరాల్డిహైడ్ కూడా కణాలను చంపుతుంది కనుక దాని జోలికి పోకూడదు.

కణాలు చనిపోవడం

అసలు పరీక్ష ఇదే. వైద్య పరికరాల కణవిష పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 10993-5 ప్రకారం కణాల జీవశక్తి 70 శాతం కంటే తగ్గితే ఆ పదార్థం కణవిషంగా లెక్క. ఎర్రటి కల్చర్ ద్రవం పసుపుకు తిరిగితే బంధంలో చేరని సిట్రిక్ యాసిడ్ బయటికి వస్తోందని అర్థం. కడిగిన నీటి పీహెచ్ మామూలు నీటితో సమానమయ్యేదాకా పొరను కడగాలి. రంగు మారకుండానే కణాలు పోతుంటే సల్ఫైట్‌నూ వగరునూ అనుమానించి, పిండి కడిగే దశకు తిరిగి వెళ్లాలి. దీనికి విరుద్ధంగా, బతికున్న కణాలు పుట్టించే రంగును కొలిచే ఎం.టి.టి. పరీక్షలో ఫలితం నమ్మలేనంత బాగుంటే మరింత జాగ్రత్త అవసరం: పాలీఫినాల్స్ కణాలు లేకపోయినా ఆ రంగును పుట్టించగలవు కాబట్టి, కణాలు లేని పొరను కూడా పక్కనే పరీక్షించి ఆ విలువను తీసివేయాలి.

సూక్ష్మజీవులు లేవని తేలినా మంట (ఇన్‌ఫ్లమేషన్) కలిగించే సంకేతాలు కణాల్లో కనిపిస్తే, కారణం ఎండోటాక్సిన్, అంటే కొన్ని బ్యాక్టీరియా గోడలోని విషపదార్థం, కావచ్చు. పులిసిన టెంకలో పెరిగిన బ్యాక్టీరియా చచ్చినా అది మిగిలే ఉంటుంది. ఆవిరి ఒత్తిడితో స్టెరిలైజ్ చేసే ఆటోక్లేవ్ దానిని నాశనం చేయదు, పైగా పొరను జావగా మారుస్తుంది. దానిని పోగొట్టే 250 డిగ్రీల పొడి వేడికి పిండి మాడిపోతుంది. కాబట్టి టెంకలను ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజే పగలగొట్టి, శుద్ధిచేసిన నీటితో కడిగి, పొరను గామా కిరణాలతో గాని ఇథిలీన్ ఆక్సైడ్‌తో గాని స్టెరిలైజ్ చేయించి, వాడేముందు ఎండోటాక్సిన్‌ను పట్టే ఎల్.ఏ.ఎల్. పరీక్షతో సరిచూసుకోవాలి.