ఏసీ చల్లగ అయితలేదా? గ్యాస్ అనే ముందు ఇవి చూడండి

మార్చి చివర్లో ఎండ ముదిరిందంటే నా ఫోన్‌కు వచ్చే మాట ఒకటే. "అన్నా, ఏసీ చల్లగ అయితలేదు, గ్యాస్ అయిపోయినట్టుంది, జర వచ్చి నింపిపో." నేను హన్మకొండలో ఉంటూ చుట్టుపక్కల ఊళ్లకు కూడా ఏసీ పనికి పోతుంటాను. ఈ మాట అననోళ్లు అరుదు. అయితే ఏసీలో గ్యాస్ అంటే బండిలో పెట్రోల్ కాదు, వాడితే అయిపోదు. మూసి ఉన్న పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే, అది మూయకుండా నింపితే వచ్చే ఎండాకాలం మళ్లీ మీరే ఫోన్ చేస్తారు. నిజానికి ఎక్కువ ఇండ్లల్లో సమస్య గ్యాస్ దాకా పోనే పోదు, గాలి, నీళ్లు, కరెంటు, ఈ మూడింట్లోనే దొరుకుతుంది.

ముందే ఒక మాట. మూత ఏది తీసినా ముందు బోర్డులో ఏసీకి కరెంటు ఇచ్చే ఎంసీబీ స్విచ్‌ను కిందికి దించేయండి, రిమోట్‌తో ఆపితే సరిపోదు. ఇంటి బయట పెట్టే డబ్బా, అంటే అవుట్‌డోర్ మూత మాత్రం మీరు తీయొద్దు, కరెంటు తీసేసినా లోపల కరెంటు దాచుకునే కెపాసిటర్ గట్టి షాక్ ఇస్తుంది.

"గాలి వస్తుంది గానీ గది చల్లబడతలేదు"

మొదట రిమోట్ చూడండి. నవ్వొద్దు, పిల్లలు నొక్కి ఫ్యాన్ మోడ్‌లోనో డ్రై మోడ్‌లోనో పెట్టేసిన ఇండ్లకు కూడా నేను పది కిలోమీటర్లు బండేసుకుని పోయాను. మంచు పువ్వు గుర్తు ఉంటేనే కూలింగ్ మోడ్.

తర్వాత ఫిల్టర్. ముందు మూత లేపి జాలీ తీసి వెలుతురుకు పట్టండి, అవతలి వెలుతురు కనపడకపోతే అదే మీ జబ్బు. కుళాయి కింద కడిగి నీడలో ఆరబెట్టి పెట్టండి. ఎండాకాలంలో రెండు వారాలకోసారి చేయాలి. వరంగల్ ఎనుమాముల పత్తి మార్కెట్ వైపు ఉండేవాళ్లకు, జిన్నింగ్ మిల్లుల దగ్గర ఉండేవాళ్లకు అదీ చాలదు. పత్తి సీజన్‌లో ఎగిరే నూగు ఫిల్టర్‌కు దుప్పటిలా పట్టేస్తుంది. గోదావరిఖని వైపు బొగ్గు దుమ్ము, కరీంనగర్ పక్క గ్రానైట్ దుమ్ము. ఎవరి ఊరి దుమ్ము వాళ్లకుంది.

ఫిల్టర్ శుభ్రంగానే ఉంటే అవుట్‌డోర్ దగ్గరికి నడవండి. దాని వెనక, పక్కన కనిపించే సన్నటి అల్యూమినియం రేకుల్లోంచి గాలి లోపలికి పోవాలి. గదిలోని వేడిని బయట పారబోసేది అక్కడే. మార్కెట్ రోడ్డు పక్కన ఒక ఇంట్లో ఇద్దరు మెకానిక్‌లు రెండేళ్లు వరుసగా గ్యాస్ నింపారు, రెండుసార్లూ నెల తిరగకుండా కూలింగ్ పోయింది. నేను పోయి చూస్తే అవుట్‌డోర్ వెనక పత్తి నూగు, దాని మీద మట్టి, మొత్తం కలిసి అట్ట కట్టింది, గోరుతో లాగితే గుడ్డ ముక్కలా ఊడొచ్చింది. నీళ్లతో కడిగాను, ఎక్కువ నింపిన గ్యాస్ కొంత తీశాను, అయిపోయింది. గ్యాస్ తక్కువైతే ఎంత నష్టమో ఎక్కువైనా అంతే, గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ మీద భారం పడుతుంది.

కడిగేటప్పుడు మామూలు పైపు ధార చాలు. బండ్లు కడిగే జెట్ పంప్ దగ్గర పెట్టి కొడితే రేకులు పడుకుంటాయి, తర్వాత గాలి పోనే పోదు. యాసిడ్ అసలే వద్దు.

అవుట్‌డోర్ ఎక్కడ పెట్టారన్నది కూడా చూడాలి. మన దగ్గర మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలే, రామగుండం, ఆదిలాబాద్ వైపు ఇంకా పైకే. అలాంటి ఎండలో అవుట్‌డోర్‌ను అందంగా కనపడదని రెండు గోడల మధ్య సందులో పెడితే అది వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది. వెనక కనీసం జానెడు, ముందు రెండడుగులకు తగ్గకుండా ఖాళీ ఉండాలి. పైన నీడ ఉంటే మంచిదే, కానీ రేకు డబ్బాలో పెట్టి మూసేయడం నీడ కాదు.

అన్నీ బాగుండి కూడా మధ్యాహ్నం రెండింటికి చల్లబడక, రాత్రి పదకొండింటికి బ్రహ్మాండంగా చల్లబడితే ఏసీలో తప్పు వెతకొద్దు. పై అంతస్తు స్లాబ్ పగలంతా కాగి లోపలికి వేడి దింపుతోంది. ఒక టన్ను ఏసీ గంటకు 12,000 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే లెక్క) వేడి మాత్రమే తీయగలదు. 150 చదరపు అడుగుల గదికి కింది అంతస్తులో ఒక టన్ను సరిపోయినా, అదే గది పైన స్లాబ్ కింద ఉంటే టన్నున్నర కావాలి. స్లాబ్ మీద కూల్ పెయింట్ వేయించండి, పడమటి కిటికీకి మందం పరదా కట్టండి. 16లో పెడితే త్వరగా చల్లబడుతుందనుకోవడం భ్రమ, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుందంతే. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 చూపించేలా రూల్ పెట్టింది ఊరికే కాదు. 24లో పెట్టి సీలింగ్ ఫ్యాన్ చిన్నగా తిప్పండి.

"ఇండోర్ మీద మంచు గడ్డ కట్టింది"

వెంటనే కూలింగ్ ఆపి రెండు గంటలు ఫ్యాన్ మోడ్‌లో వదిలేయండి. గడ్డను స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపల గ్యాస్ తిరిగే గొట్టాల చుట్టకు, అంటే కాయిల్‌కు చిల్లు పడి, అప్పటిదాకా లేని గ్యాస్ ఖర్చు కొత్తగా పుడుతుంది. మంచు పట్టడానికి కారణాలు ముఖ్యంగా రెండు. కాయిల్ మీదికి గాలి చాలకపోవడం ఒకటి, అంటే ఫిల్టర్ మూసుకోవడం, లేదా లోపల గాలి కొట్టే ఫ్యాన్, అంటే బ్లోయర్ రెక్కలకు మట్టి పట్టడం. రెండోది గ్యాస్ తగ్గడం. మంచు కరిగాక ఫిల్టర్ కడిగి నడపండి. మళ్లీ పడితే బ్లోయర్ విప్పి కడిగించండి. ఆ తర్వాతా పడితే అప్పుడు గ్యాస్ సంగతి.

నిజంగానే గ్యాస్ తగ్గితే

ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. ఏసీ పావుగంట నడిచాక ఇండోర్ పైన లోపలికి పోయే గాలికి, కింద బయటికొచ్చే గాలికి థర్మామీటర్ పెట్టి తేడా చూడండి. పది డిగ్రీల అటూ ఇటూ తేడా ఉంటే గ్యాస్ మాట మరచిపోండి. నాలుగైదే ఉండి, ఫిల్టర్, అవుట్‌డోర్ శుభ్రంగా ఉండి, అవుట్‌డోర్ దగ్గర సన్న పైపు నట్టు మీద తెల్లగా మంచు పడుతుంటే లీక్ అనుమానించాలి.

లీక్ ఎక్కువగా పైపులు కలిపే ఫ్లేర్ నట్ల దగ్గరే ఉంటుంది, అంటే ఫిట్టింగ్ చేసిన రోజు తప్పే. నట్టు చుట్టూ నూనె జిడ్డు కనిపిస్తే అక్కడే. మెకానిక్ నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగ రాసి బుడగ చూపించాలి. "ఎక్కడ లీకో చూపించు తమ్ముడూ" అని అడగండి, చూపించకుండా గ్యాస్ బండ తగిలిస్తే ఆపేయండి. మురికి నాలా పక్కనుండే ఇండ్లల్లో ఇంకో బాధ ఉంది. ఆ వాసన గాలికే రాగి నల్లబడి, కాయిల్‌లో సూది మొన ఎంత చిల్లులు పడతాయి. అలాంటి కాయిల్‌ను ఒకచోట అతికితే ఇంకోచోట పోతుంది, మార్చడమే నయం.

లీక్ మూశాక వాక్యూమ్ పంప్ పెట్టి పైపుల్లోని గాలి, తేమ కనీసం ఇరవై నిమిషాలు లాగాలి, గేజ్ ముల్లు కదలకుండా నిలబడాలి. తర్వాత అవుట్‌డోర్ స్టిక్కర్ మీద రాసి ఉన్నన్ని గ్రాములు కాటా మీద తూచి ఎక్కించాలి. పాత ఆర్-22 గ్యాస్ రోజుల్లో పని నేర్చినోళ్లు ప్రెషర్ 60, 70 పీఎస్ఐ చూసి సరిపోయిందంటారు. ఇప్పటి ఏసీల్లోని ఆర్-32 గ్యాస్‌కు అది చాలా తక్కువ, నడుస్తున్నప్పుడు 110 పైన ఉండాలి. పైగా ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగం మారినప్పుడల్లా ప్రెషర్ మారుతుంది, కాబట్టి కాటానే నమ్మాలి. ఇంకో సంగతి, ఆర్-32 అంటుకునే గుణమున్న గ్యాస్, ఆర్-290 అయితే మన వంటగ్యాస్ జాతిదే. లీక్ వెతకడానికి అగ్గిపుల్ల గీసే మహానుభావులు ఇంకా ఉన్నారు, ఇంట్లోకి రానీయొద్దు.

కొత్తగా ఫిట్టింగ్ చేయించేటప్పుడే దగ్గరుండి చూస్తే ఈ గోలంతా తప్పుతుంది. వాక్యూమ్ పంప్ తెచ్చాడా లేదా? "గ్యాస్ వదిలి లోపలి గాలి తోసేస్తా" అంటే ఒప్పుకోవద్దు, లోపల మిగిలిన తేమ కంప్రెసర్‌ను మెల్లగా తినేస్తుంది. ఇండోర్ పైన స్లాబ్‌కు అరడుగు ఖాళీ ఉందా, గోడ కన్నం బయటివైపు కిందికి వాలుగా ఉందా, పైపు చివర్లు మూతలతో ఉన్నాయా, ఇవన్నీ అప్పుడే అడగాలి. పైపులకు నల్ల ఫోమ్ మీద టేపు గట్టిగా చుట్టించండి. మన దగ్గర కోతుల సంగతి తెలిసిందే, ఫోమ్ పీకుతాయి, వైరు కొరుకుతాయి. డాబా మీద పోయే పైపును పీవీసీ గొట్టంలో పెట్టించడం ఉత్తమం.

"లోపల నీళ్లు కారుతున్నాయి"

వానాకాలం మొదట్లో వచ్చే కంప్లైంట్లలో ఇదే పెద్దది, గాలిలో తేమ ఎక్కువై కాయిల్ మీద నీళ్లు ఎక్కువ పడతాయి. నూటికి తొంభై అనను గానీ చాలావరకు డ్రైన్ పైపులో పాచి. బయటి చివర నుంచి నోటితోనో, దుమ్ము ఊదే చేతి బ్లోయర్‌తోనో ఊదితే జిగట ముద్ద కదులుతుంది. తర్వాత లోపలి ట్రేలో ఒక చెంబు నీళ్లు మెల్లగా పోసి బయట పడుతున్నాయేమో చూడండి. పైపు చివర బకెట్ నీళ్లలో మునిగి ఉన్నా, మధ్యలో ఎక్కడైనా పైకి లేచి మళ్లీ దిగినా నీళ్లు నిలుస్తాయి. ఇండోర్ ఒకవైపు ఒరిగిందేమో గోలీ పెట్టి చూసినా తెలుస్తుంది. అన్నీ బాగుండి కారుతుంటే పైన చెప్పిన మంచు గడ్డే కరుగుతోందేమో చూడండి.

"నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది", "ఎంసీబీ పడుతుంది"

ఎప్పుడు ఆగుతుందో గమనించండి, సగం జవాబు అందులోనే ఉంది.

ఆన్ చేసిన క్షణమే ఎంసీబీ పడితే ఎక్కడో షార్ట్ ఉంది. కోతి కొరికిన వైరు కావచ్చు, అవుట్‌డోర్ ఎలక్ట్రానిక్ బోర్డు (పీసీబీ) మీద పడి చచ్చిన బల్లి కావచ్చు. మళ్లీ మళ్లీ లేపకండి. పదిహేను, ఇరవై నిమిషాలకు పడితే వేడి సంగతి: అవుట్‌డోర్ మూసుకుపోయి కరెంటు ఎక్కువ లాగుతోంది, లేదా ప్లగ్గులో వైరు లూజైంది. ప్లగ్ టాప్ ముట్టుకుంటే చురుక్కుమంటే అదే, పసుపు రంగు తేలిన సాకెట్‌ను ఆ రోజే మార్చండి. టన్నున్నర ఏసీకి బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, విడిగా ఎంసీబీ, పనిచేసే ఎర్త్, ఇంతకు తక్కువ ఒప్పుకోకండి. ఫ్రిజ్, ఏసీ ఒకే లైన్ మీద వేసే ఎలక్ట్రీషియన్ డబ్బు మిగల్చడు.

సాయంత్రం ఏడు నుంచి పది మధ్యనే ఆగుతూ, అర్ధరాత్రి తర్వాత బాగుంటే ఓల్టేజీ చూడండి. వీధంతా ఏసీలు వేసే వేళ అది. 230 ఉండాల్సింది 180కి పడితే పాత రకం కంప్రెసర్ ఊఁ అని మూలిగి ఆగిపోతుంది. టన్నున్నరకు 4 కేవీఏ స్టెబిలైజర్ సరిపోతుంది. ఇన్వర్టర్ ఏసీ డబ్బా మీద స్టెబిలైజర్ అక్కర్లేదని రాసి ఉన్నా, ఎంతనుంచి ఎంత ఓల్టేజీ దాకా అన్నది చదవండి, మీ వీధి అంతకన్నా కిందికి పోతుందా అన్నదే ప్రశ్న. ఇల్లంతా లైట్లు ఒకసారి మందంగా, ఒకసారి మరీ వెలిగితే న్యూట్రల్ పోయిందన్నమాట, అన్నీ బంద్ చేసి కరెంటోళ్ల 1912 నంబరుకు ఫోన్ కొట్టండి.

అవుట్‌డోర్ ఫ్యాన్ తిరుగుతూ కంప్రెసర్ మాత్రం లేవకపోతే, పాత ఏసీలో ముందు కెపాసిటర్ మార్చి చూడాలి. చిన్న ఖర్చు. దాన్ని చూడకుండానే "కంప్రెసర్ పోయింది" అన్నవాడి మాట మీద ఇంకొకరిని అడగండి.

వానకు అవుట్‌డోర్ మునిగితే, 2020 ఆగస్టులో, 2023 జూలైలో హన్మకొండ లోతట్టు కాలనీల్లో చూశాం కదా, నీళ్లు దిగగానే ఆన్ చేయకండి. మెకానిక్ విప్పి కడిగి ఆరబెట్టి, కరెంటు బాడీకి లీక్ అవుతుందేమో చూసే మెగ్గర్‌తో పరీక్షించేదాకా ఎంసీబీ కిందే ఉండాలి.

"చలికాలం హీట్ పెట్టినా వేడి వస్తలేదు"

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు చలికి ఈ మధ్య హాట్ అండ్ కోల్డ్ ఏసీలు కొంటున్నారు. మొదట మీది ఆ రకమేనా చూసుకోండి. రిమోట్ మీద సూర్యుడి బొమ్మ ఉన్నంత మాత్రాన కాదు, ఒకే రిమోట్ రెండు రకాలకూ ఇస్తారు, మోడల్ స్టిక్కర్ చూడాలి. ఆ రకమే అయితే హీట్ పెట్టాక మొదటి రెండు మూడు నిమిషాలు బ్లోయర్ తిరగదు. కాయిల్ వేడెక్కేదాకా చల్లగాలి కొట్టకుండా అలా పెట్టారు. అవుట్‌డోర్ నుంచి నీళ్లు కారడం, తెల్లవారుజామున గట్టి చలిలో కాసేపు ఆగి బుస్సుమని మళ్లీ మొదలవడం, ఇవి జబ్బులు కావు. పది నిమిషాలైనా చల్లగాలే వస్తుంటే అవుట్‌డోర్‌లో గ్యాస్ దారి తిప్పే ఫోర్ వే వాల్వ్ ఇరుక్కుందేమో, దాని కాయిల్ కాలిందేమో మెకానిక్‌తో చూపించండి. ఇండోర్‌లో గాలి దారి తిప్పే రెక్కలు మాత్రం కిందికి తిప్పి పెట్టండి, వేడిగాలి ఎటూ పైకే పోతుంది, మంచం మీదున్న మనకు చేరాలి కదా.