సిక్కోలు నుంచి థీమ్ పార్కుకి: రోజంతా క్యూలోనే గడిచిపోకుండా

పిల్లల సెలవులకి థీమ్ పార్కు అనగానే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అందరి నోటా ముందు హైదరాబాదే వస్తుంది. 2024 మే దాకా అది సబబే. ఆ నెలలో థీమ్ పార్కులు నడిపే వండర్లా కంపెనీ వాళ్లు ఒడిశాలో ఖుర్దా దగ్గర కుంభారబస్తాలో పార్కు తెరిచారు. శ్రీకాకుళం నుంచి హైదరాబాదుకి రోడ్డు మీద 700 కిలోమీటర్లు దాటుతుంది. ఖుర్దాకి సుమారు 300 మాత్రమే. 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని ఇచ్ఛాపురం, బరంపురం దాటి వెళ్లడమే. భువనేశ్వర్ ఖుర్దా దాటాకే వస్తుంది. విజయనగరం వాళ్లు ఇంకో 70 కిలోమీటర్లు కలుపుకోవాలి. హైదరాబాదులో చుట్టాలుండి, నాలుగు రోజులుండి, రామోజీ ఫిల్మ్ సిటీ కూడా చూడాలనుకుంటే అక్కడి రావిర్యాల వండర్లా పార్కు బాగుంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు 13వ ఎగ్జిట్ దగ్గర 2016 నుంచి నడుస్తోంది. ఒక్క పార్కు కోసమే అయితే ఖుర్దా వైపే వెళ్లండి. ప్రయాణంలో మిగిలిన ఒంటి ఓపికే మర్నాడు క్యూలో పనికొస్తుంది.

రాత్రంతా రైల్లో కూర్చుని, పొద్దున్న దిగి, స్టేషన్లోనే మొహం కడుక్కుని నేరుగా పార్కుకి పోవద్దు. మధ్యాహ్నం మూడింటికల్లా పిల్లలు నీరసపడిపోతారు, పెద్దవాళ్లు బెంచీ వెతుక్కుంటారు. టికెట్టు డబ్బులో సగం అక్కడే పోయినట్టు. విశాఖలో మధ్యాహ్నం బయలుదేరే వందే భారత్ విజయనగరం, శ్రీకాకుళం రోడ్, పలాస మీదుగా రాత్రికి భువనేశ్వర్ చేరుతుంది. ఆ రాత్రి పడుకుని, మర్నాడు పార్కు చూసి, మూడో రోజు తిరుగు ప్రయాణం పెట్టుకోండి. పార్కు చూసిన రోజు సాయంత్రానికే తిరుగు రైలు బుక్ చేస్తే నాలుగింటి నుంచి గడియారం చూడడమే సరిపోతుంది. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. దసరాకి, పెద్దపండక్కి మొదటి రోజే చేసుకోవాలి.

ఏ రోజు వెళ్లాలి

మంగళ, బుధ, గురువారాలు మంచివి. శని, ఆదివారాలు వద్దు. ఇది అందరికీ తెలిసిందే. చాలామంది మరిచిపోయేది ఇంకోటుంది: ఖుర్దా పార్కుకి వెళ్లేటప్పుడు మన క్యాలెండరు ఒక్కటీ చూస్తే చాలదు, ఒడిశా క్యాలెండరు కూడా చూడాలి. జూన్ నడిమధ్య వాళ్లకి రజో పండగ, మూడు రోజులు. ఉయ్యాలలూగే పండగ అది, ఇంటిల్లిపాదీ బయటికొస్తారు. మన బడులు తెరిచే రోజులు కదా, ఖాళీగా ఉంటుందిలే అనుకుని వెళ్తే జనంలో చిక్కుకుంటారు. పూరీ రథయాత్ర రోజుల్లో రైళ్లు, హోటళ్లు దొరకడం కష్టం. దసరా రెండు వైపులా సెలవే కాబట్టి అప్పుడు ఎక్కడికెళ్లినా రద్దీ తప్పదు. సంక్రాంతికి మాత్రం మనకి వరసగా సెలవులుంటాయి, వాళ్లకి మకర సంక్రాంతి రోజే ముఖ్యం. పండగ అయ్యాక మన పిల్లలకి మిగిలిన సెలవుల్లో వారం మధ్య రోజు ఒకటి దొరికితే వదులుకోవద్దు. నవంబరు నుంచి జనవరి దాకా బడిపిల్లల విహారయాత్రల బస్సులొస్తాయి. వాటి రద్దీకి ఒక పద్ధతుంది: పొద్దున్న గుంపుగా దిగుతారు, అందరూ కలిసి భోజనానికి వెళ్తారు, చీకటి పడకముందే బస్సెక్కుతారు. వాళ్లు తినేటప్పుడు మీరు రైడ్లెక్కండి, వాళ్లు రైడ్లెక్కేటప్పుడు మీరు తినండి.

అక్టోబరు, నవంబరుల్లో తుఫాను కబురు చూసుకోకుండా బయలుదేరకూడదు. 2018 అక్టోబరు 11న తిత్లీ మన తీరాన్నే తాకింది. అల్పపీడనం ఉందంటే తేదీ మార్చుకోవడమే మంచిది. గాలివాన వస్తే ఎత్తైన రైడ్లన్నీ ఆపేస్తారు.

ఇంటి దగ్గరే చేసుకోవలసినవి

పిల్లల ఎత్తు చెప్పులు విప్పించి గోడకి నిలబెట్టి సెంటీమీటర్లలో కొలవండి. వండర్లాలో పిల్లల టికెట్టుకి వయసు చూడరు, ఎత్తు చూస్తారు. 85 సెంటీమీటర్ల లోపు ఉచితం, 140 దాటితే పెద్దల టికెట్టు. పెద్ద పెద్ద రైడ్లకి కూడా సాధారణంగా 140 దగ్గరే గీత ఉంటుంది. మీవాడు 137 ఉంటే ఆ సంగతి ఇంట్లోనే చెప్పేయండి. అరగంట క్యూలో నిలబెట్టి, గేటు దగ్గర కొలబద్ద పెట్టి వెనక్కి పంపిస్తే పిల్లవాడి మనసు రోజంతా పాడవుతుంది.

నీటి రైడ్లకి నైలాన్ లేదా పాలిస్టర్ బట్టలే రానిస్తారు. నూలు బట్ట నీళ్లు పీల్చి బరువెక్కి కిందికి జారుతుంది, స్లైడులో రాసుకుంటుంది, దాని పీచు ఫిల్టర్లలో ఇరుక్కుంటుంది. చీరలు, చున్నీలు స్లైడుల మీద ప్రమాదం. పార్కు కొట్లో కొనే బదులు విజయనగరం గంటస్తంభం దగ్గరో, శ్రీకాకుళం జీటీ రోడ్డులోనో ముందే కొనుక్కుంటే ఖర్చు తగ్గుతుంది, కొలత సరిపోయిందో లేదో కూడా తెలుస్తుంది. కళ్లజోడుకి వెనక తాడు, ఫోనుకి నీళ్లు చొరని సంచి, ఒక్కొక్కరికీ ఒక తువ్వాలు ఉండాలి. పులిహోర, చపాతీలు రైల్లోకే. బయటి తిండి పార్కులోకి రానివ్వరు. ఎవరి ఫోన్ నంబరు వాళ్ల పిల్లల ముంజేతి మీద బాల్‌పెన్నుతో రాయండి.

క్యూని లెక్కపెట్టడం

ఇదొక్కటి నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే. క్యూ పొడవు చూసి భయపడేవాళ్లు, పొట్టిగా ఉందని మురిసిపోయేవాళ్లు ఇద్దరూ మోసపోతారు. చూడవలసింది ఆ రైడు గంటకి ఎంతమందిని ఎక్కించుకుంటుందన్నది.

రెండు అంకెలు కావాలి. ట్రిప్పుకి ఎంతమంది ఎక్కుతున్నారు, ఒక ట్రిప్పు కదిలిన దగ్గర్నుంచి తర్వాతది కదిలే దాకా ఎన్ని నిమిషాలు. దూరంగా నిలబడి ఫోన్లో ఒక్క ట్రిప్పు టైము చూస్తే చాలు. తిరిగే సమయం ఒక్కటే కాదు. దిగడం, ఎక్కడం, బెల్టులు చూడడం అన్నీ కలిపి లెక్కేయాలి. ముందున్న జనాన్ని ట్రిప్పుకి ఎక్కేవాళ్లతో భాగించి, ట్రిప్పు నిమిషాలతో గుణించండి.

ఉదాహరణకి 20 సీట్ల రోలర్ కోస్టరు మూడు నిమిషాలకోసారి కదులుతోందనుకోండి. గంటకి 400 మంది అనిపిస్తుంది. కానీ ముగ్గురొచ్చిన కుటుంబం పక్కన నాలుగో సీటు ఖాళీగా పోతుంది, కాబట్టి 17 అనుకోవాలి. ముందు 150 మంది ఉంటే తొమ్మిది ట్రిప్పులు, 27 నిమిషాలు. పైకి లేపి ఒక్కసారి వదిలేసే టవరుకి 12 సీట్లే ఉండి ట్రిప్పుకి నాలుగు నిమిషాలు పడితే అదే 150 మందికి 52 నిమిషాలు. 40 మందిని కూర్చోబెట్టి ఊపే ఓడకి ట్రిప్పుకి ఐదు నిమిషాలు పట్టినా 120 మంది పావుగంటలో అయిపోతారు. అందుకే పొడుగు క్యూ ఉన్న ఓడ దగ్గర ధైర్యంగా నిలబడొచ్చు, పొట్టి క్యూ ఉన్న టవరు దగ్గర ఆలోచించాలి.

అన్నిటికంటే మోసం చేసేది ట్యూబు స్లైడు మెట్లు. కింద నుంచి చూస్తే జనం కనబడరు. 50 మెట్లు, మెట్టుకి ఇద్దరు, అంటే వంద మంది. 40 సెకన్లకి ఒక ఇద్దరి ట్యూబు వదిలితే 33 నిమిషాలు, అదీ తడి బట్టలతో ట్యూబు మోసుకుంటూ.

ఇనుప కమ్మీల మధ్య మెలికలు తిరిగే క్యూలో ఒక వరసలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి, వరసల సంఖ్యతో గుణించండి. స్నేహితుల కోసం చోటు పట్టుకున్నవాళ్లని కూడా తలచుకుని దానికి పదిశాతం కలపండి.

రోజుని ఎలా పంచుకోవాలి

టికెట్టు ఆన్‌లైన్లో ముందే కొనేసి, తెరిచే సమయానికి అరగంట ముందే గేటు దగ్గరుండండి. తెరిచాక మొదటి గంట బంగారం. అందరూ గేట్లోంచి కనబడే మొదటి రైడు దగ్గరే ఆగిపోతారు. దాన్ని దాటి లోపలికి పొండి. సీట్లు తక్కువ, పేరు ఎక్కువ ఉన్నవాటిని ఈ గంటలో ఎక్కేయాలి: కోస్టరు, టవరు. ఎక్కువమందిని ఒకేసారి తీసుకునేవి, లోపల కూర్చుని చూసే సినిమా షోలు మధ్యాహ్నం ఎండకి దాచుకోండి.

తడి, పొడి మార్పు ఒక్కసారే ఉండాలి. తడి బట్టలతో పొడి రైడ్లకి రానివ్వరు. ఒక్కసారి మారాలంటే లాకరు, గది, తువ్వాలు, పిల్లల జుట్టు అన్నీ కలిపి 30 నుంచి 40 నిమిషాలు పోతాయి. ఎండ ముదరగానే జనమంతా నీళ్ల వైపు కదులుతారు. అప్పుడు పొడి రైడ్ల క్యూలు పల్చబడతాయి. రెండున్నర దాకా అక్కడే ఉండండి. ఒంటిగంట నుంచి రెండున్నర దాకా హోటళ్లు కిటకిటలాడతాయి కాబట్టి పొద్దున్న ఇడ్లీయో ఉప్మాయో కడుపునిండా తినిపించి, భోజనం రెండున్నరకి పెట్టుకోవాలి. తిన్నాక ముప్పావుగంట గిరగిరా తిప్పేవి వద్దు. తర్వాత నీళ్లలోకి. వేవ్ పూల్ దగ్గర అలలొస్తున్నాయని సైరన్ మోగగానే పిల్లలు లగెత్తుతారు. పైడితల్లి అమ్మవారి పండక్కి ఊరేగే సిరిమాను కూడా గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది, మొదటిసారే తోసుకోనక్కర్లేదని విజయనగరం వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. అలలూ అంతే, విడతలుగా వస్తూనే ఉంటాయి. నీళ్ల విభాగం మిగతా పార్కు కంటే ముందే మూస్తారు. మూయడానికి అరగంట ముందే బయటికొస్తే బట్టలు మార్చుకునే గదులు ఖాళీగా దొరుకుతాయి, ఎలాగూ మార్చుకోవలసిందే. మిగిలిన గంటలో పొద్దున్న బాగా నచ్చిన రైడు మళ్లీ ఎక్కొచ్చు. చివర్లో క్యూ ఎప్పుడు ఆపుతారో ఆపరేటరుని ముందే అడగండి.

ఎక్కువ డబ్బు కట్టి ముందుకెళ్లే ఫాస్ట్‌ట్రాక్ టికెట్టు సంగతి అరసవల్లి ప్రత్యేక దర్శనం లాంటిదే. రథసప్తమికి దాని విలువ వేరు, మామూలు బుధవారానికి వేరు. పండగ సెలవుల్లో, ఆదివారం తప్పనిసరైతే కొనండి. వారం మధ్యలో ఆ డబ్బు భోజనానికి వాడుకోండి.

ఎక్కడ దెబ్బతింటారు

రైడు మధ్యలో ఆగిపోవడం మామూలే. ఏదైనా బెల్టు సరిగా పడకపోతే మీట కదలదు. సరిచేశాక ఖాళీగా ఒకటి రెండుసార్లు తిప్పి చూస్తారు. అది భద్రత కోసమే, విసుక్కోవద్దు. ఖాళీగా తిప్పుతున్నారంటే త్వరలో తెరుస్తారని గుర్తు, క్యూలోనే ఉండండి. మెకానిక్ ఇంకా రాకపోతే, మీ ముందు 50 మందికి పైగా ఉంటే పక్కదానికి పొండి. ఉరుము వినబడితే మాత్రం ఆశ వదిలేసి లోపలి షోకి వెళ్లిపోవాలి.

పదిమంది గుంపుగా కదలడం ఇంకో పొరపాటు. ఒకరు మంచినీళ్లకి, ఒకరు బాత్రూమ్‌కి వెళ్తే మిగతా ఎనిమిది మందీ ఆగిపోతారు. ఎత్తుని బట్టి రెండు జట్లు చేయండి, భోజనం వేళకి కలుసుకునే చోటు ముందే అనుకోండి. చంటిబిడ్డ ఉంటే తల్లి ఒక ట్రిప్పు, తండ్రి ఒక ట్రిప్పు వెళ్లాలి. రెండోవాళ్లని మళ్లీ క్యూ నిలబెట్టకుండా పంపిస్తారేమో ఎక్కే ముందే ఆపరేటరుని మర్యాదగా అడగండి. తాతగారు, మామ్మగారు ఉంటే నడుము, గుండె సంగతి చూసుకుని వాళ్లకి నీడలో చోటు, మంచినీళ్లు ముందు చూపించండి. సంచుల కాపలా మాత్రం వాళ్ల మీద వేయకండి, దానికి లాకరుంది.

తిరిగి వెళ్లే బండి పొద్దున్నే మాట్లాడుకోండి. మూసే వేళకి గేటు బయట ఆటోల కోసం మళ్లీ ఒక క్యూ తయారవుతుంది. సొంత కారైతే ఎప్పుడు బయలుదేరినా పరవాలేదు కానీ, రాత్రికి రాత్రే 300 కిలోమీటర్లు నడపకుండా బరంపురంలో ఆగి పడుకోండి.