తుపాకీ కొనేముందు స్టాక్ చూడండి: అమెరికా వచ్చిన మన చిత్తూరు, తిరుపతి వాళ్లకు

మొన్న సంక్రాంతికి చిత్తూరు వెళ్లినప్పుడు మా చిన్నాన్న కొడుకు వరండాలో నా పక్కన చేరాడు. ఎమ్మెస్ చదవడానికి ఆగస్టులో టెక్సస్ వస్తున్నాడు. అపార్ట్‌మెంటు, క్రెడిట్ కార్డు, పాత కారు అన్నీ అడిగాక గొంతు తగ్గించి, "తుపాకీ ఏది తీసుకునేది నా?" అన్నాడు. లోపల పిన్నికి వినబడుతుందని భయం.

వాణ్ణి తప్పు పట్టలేను. మన ఊళ్లో తుపాకీ అంటే పోలీసుల భుజాన, బ్యాంకు గార్డు చేతిలో చూసిందే. మహా అయితే ఎన్‌సీసీ క్యాంపులో బోర్లా పడుకుని పాయింట్ టూ టూ రైఫిల్‌తో నాలుగు రౌండ్లు కాల్చి ఉంటాం. పలమనేరు వైపు ఏనుగులు పొలాల మీద పడితే రైతులు టపాసులు పేల్చి తోలుకుంటారు. అలాంటి చోటి నుంచి వచ్చి, ఇక్కడ షాపుల్లో చేపల గాలాల పక్కనే గోడ పొడుగునా రైఫిళ్లు చూస్తే ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది.

వాడికి ముందు చెప్పింది మాత్రం వీసా సంగతి. ఎఫ్-1, హెచ్-1బీ లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండటం ఫెడరల్ చట్టం కింద నేరం. కాల్పులు ప్రాక్టీసు చేసే రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చినా అదే లెక్క. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. గ్రీన్ కార్డు వాళ్లకు ఈ అడ్డు లేదు. షాపులో ఫారం 4473 నింపిస్తారు, అందులో అబద్ధం రాస్తే అదీ నేరమే. స్నేహితుడి తుపాకీ పట్టుకుని ఫొటో దిగి స్టేటస్ పెట్టడం కొత్తవాళ్లకు సరదా. వద్దు. ఆరు నెలలుండటానికి వచ్చిన నాన్న చేతికీ ఇవ్వొద్దు, ఆయనదీ విజిటర్ వీసానే. మినహాయింపు మీకు వర్తిస్తుందా లేదా అన్నది లాయర్‌నే అడగండి, రూమ్మేట్‌ను కాదు.

అర్హత ఉన్నవాళ్లకు ఇక అసలు విషయం. కొత్తవాళ్లు బ్యారెల్ (గుండు వెళ్లే గొట్టం), క్యాలిబర్ (తూటా సైజు), స్కోప్ (గురి చూసే దుర్భిణి) గురించి రాత్రంతా వీడియోలు చూస్తారు. స్టాక్ ఊసెత్తరు. పేపర్లో "తుపాకీ మడమతో కొట్టారు" అని చదువుతామే, ఆ మడమ మొదలు బ్యారెల్ కింద ముందుకు చాచిన భాగం దాకా మొత్తం స్టాకే. ఈ రోజుల్లో పేరున్న కంపెనీ బోల్ట్ యాక్షన్ (ప్రతి గుండుకూ బోల్ట్ అనే పిడిని చేత్తో లాగి తోసే రైఫిల్) ఏది తీసుకున్నా బ్యారెల్ మనకంటే బాగానే కాలుస్తుంది. కంపెనీలు పొదుపంతా స్టాక్ దగ్గర చేస్తాయి.

ఇది నేను డబ్బు పెట్టి నేర్చుకున్నా. మొదటి రైఫిల్ చౌకలో దొరికిందని కొన్నా. పలచటి ప్లాస్టిక్ స్టాక్. సంచి మీద పెడితే 100 గజాల దగ్గర గుళ్లన్నీ ఒకచోటే, స్టాక్ ముందుభాగానికి బైపాడ్ (రెండు కాళ్ల స్టాండు) తగిలిస్తే ఇంకోచోట. స్కోప్‌ను తిట్టా, తూటాలు మార్చా, రెండు వారాంతాలు టెన్షన్ పడ్డా. పక్క బెంచీలో ఉన్న పెద్దాయన చూసి చూసి లేచొచ్చాడు. రైఫిల్ ఖాళీ చేయించి, డాలర్ నోటు బ్యారెల్‌కూ స్టాక్‌కూ మధ్య దూర్చి వెనక్కి లాగాడు. సాఫీగా జారింది. తర్వాత స్టాక్ ముందుభాగాన్ని గుప్పిట పట్టి పైకి నొక్కి, "ఇప్పుడు లాగు" అన్నాడు. నోటు కదల్లేదు. బైపాడ్ మీద బరువేసినప్పుడల్లా ప్లాస్టిక్ వంగి బ్యారెల్‌కు తగులుతోందన్నమాట. షాపులో మీరూ ఈ పరీక్ష చెయ్యొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

రెండోది కొలత. ఇక్కడి స్టాకుల్లో ట్రిగ్గర్ నుంచి మడమ చివరికి 13.5 అంగుళాలు, కొన్నిటికి 14 పైన. మన అయిదున్నర అడుగుల వాళ్లకు అది కాస్త పొడుగే. వరండా మూలనున్న మామిడికాయల దోటె విరిగిన ముక్కతో మావాడికి చూపించా. మోచేయి మడిచి, మడమను ఆ మడతకు ఆనిస్తే చూపుడువేలు ట్రిగ్గర్ మీద హాయిగా పడాలి. మోటు లెక్కే, కానీ పనికొస్తుంది. చలికాలం లావు జాకెట్ వేస్తే ఇంకో అర అంగుళం పొడుగైనట్టుంటుందని మరిచిపోవద్దు.

చెంప ఆనే చోటు అంతకంటే ముఖ్యం. ఖాళీ రైఫిల్‌ను, సేల్స్‌మన్ చూపించిన వైపు గురిపెట్టి, కళ్లు మూసుకుని భుజానికెత్తండి. చెంప ఆనించి కళ్లు తెరవండి. స్కోప్‌లో బొమ్మ గుండ్రంగా, నిండుగా కనిపిస్తే ఆ స్టాక్ మీకు సరిపోయినట్టే. మెడ సాచి వెతుక్కోవాల్సి వస్తే కాదు. మెడ ముందుకు సాచి కాల్చిన నా ఫ్రెండు కనుబొమ్మ మీద, తుపాకీ వెనక్కి తన్నినప్పుడు స్కోప్ అంచు వేసిన అర్ధచంద్రపు మచ్చ ఇంకా ఉంది.

పేర్లు చెప్పమంటారా? సావేజ్ 110లో అక్యుఫిట్ స్టాక్ ఉన్న మోడళ్లకు పలకలు మార్చి పొడుగు, చెంప ఎత్తు సర్దుకోవచ్చు. ఇంట్లో ఇద్దరు కాల్చేవాళ్లుంటే నా ఓటు దానికే. స్పెయిన్ వాళ్ల బెర్గారా బీ-14 హెచ్‌ఎంఆర్‌కు స్టాక్ లోపల అల్యూమినియం చట్రం ఉంటుంది, గట్టిగా నిలబడుతుంది. 4 కిలోల పైమాటే, భుజాన వేసుకుని కొండలెక్కేవాళ్లకు కాదు. ఫిన్లాండ్‌లో చేసే టిక్కా టీ3ఎక్స్ లైట్ దాదాపు 3 కిలోలు. బోల్ట్ నూనె పూసినట్టు జారుతుంది, చేత్తో పట్టుకునే పిడి ముక్క కూడా మార్చుకోవచ్చు. ఎడమచేతి వాటం వాళ్లకు టిక్కా, సావేజ్ రెండింట్లోనూ మోడళ్లున్నాయి. చౌకది కొని తర్వాత మంచి స్టాక్ వేయిద్దామనే లెక్క మాత్రం వేయకండి. రెండూ కలిపితే వీటిలో ఒకటి వచ్చేస్తుంది.

మాధవమాల చెక్కబొమ్మలు షోకేసులో పెట్టుకుని పెరిగినవాళ్లం, వాల్‌నట్ చెక్క స్టాక్ చూస్తే చెయ్యి ఆగదు. అందంగానే ఉంటుంది. కాకపోతే వానాకాలం మన ఇంటి తలుపు ఉబ్బినట్టు అదీ తేమకు కదులుతుంది. పొరలు అతికించిన లామినేట్ చెక్క ఆ విషయంలో నయం, కాస్త బరువు. దసరాకు ఆయుధపూజలో పెట్టి పసుపు కుంకుమ పెడతామంటే సింథటిక్ (ప్లాస్టిక్ లాంటి) స్టాకే మంచిది, కడిగితే పోతుంది.

క్యాలిబర్ మాట ఒక్క ముక్కలో: మొదటి రైఫిల్‌కు .308 తూటా కంటే 6.5 క్రీడ్‌మూర్ తూటా భుజాన్ని తక్కువ తంతుంది.

ఇంట్లో లాక్ ఉన్న సేఫ్, తూటాలు వేరేచోట. పిల్లలున్నా లేకపోయినా.

ఇండియా ప్రయాణానికి రేంజ్ బ్యాగు వాడకండి. జిప్పు మూలలో మరిచిపోయిన ఒక్క తూటా చెన్నై ఎయిర్‌పోర్టులో బయటపడితే 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు దాకా పోతుంది. తిరుపతికి మాట్లాడుకున్న టాక్సీ బయటే ఎదురుచూస్తుంటుంది. నాది ఎర్ర బ్యాగు. సూట్‌కేసులు సర్దే గదిలోకి దాన్ని మా ఆవిడ రానివ్వదు.