వర్చువల్ మెషీన్‌ని రూట్‌గా నడపక్కర్లేదు: ట్యాప్ పరికరానికి ఓనర్‌ని పెట్టండి

గుంటూరు, విజయవాడ కాలేజీ ల్యాబుల్లో లైనక్స్ మీద క్యూఈఎంయూ (వర్చువల్ మెషీన్లు నడిపే ప్రోగ్రామ్) నడిపేవాళ్లకి. వర్చువల్ మెషీన్‌ని నెట్‌వర్క్‌కి కలిపే సాఫ్ట్‌వేర్ నెట్‌వర్క్ కార్డే ట్యాప్ పరికరం. నెట్‌వర్క్ రావట్లేదని చాలామంది ముందు చేసే పని ట్యాప్ కోసం తెరిచే /డెవ్/నెట్/టన్ ఫైలుకి 666 పర్మిషన్ (ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు) ఇవ్వడం. చాలా డిస్ట్రోల్లో అది ముందే 666 ఉంటుంది, కాబట్టి శ్రమ దండగ. ఆ ఫైలు తెరవడం వేరు, కొత్త ఇంటర్‌ఫేస్ (అంటే ట్యాప్ పరికరం) సృష్టించడం వేరు. రెండోదానికి నెట్ అడ్మిన్ అధికారం (నెట్‌వర్క్‌ని మార్చే హక్కు, మామూలుగా రూట్‌కి ఉంటుంది) కావాలి.

ఎర్రర్ చదివితే తేడా తెలిసిపోతుంది. ఫైలు తెరిచేచోట "పర్మిషన్ డినైడ్" అంటే తప్పు ఫైలు పర్మిషన్‌లో ఉంది. "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" అంటే కెర్నెల్ మీ అధికారాన్ని ఒప్పుకోలేదు, 777 ఇచ్చినా ఫలితం ఉండదు.

రూట్‌గా ఒక్కసారి ఇది కొట్టండి:

సుడో ఐపీ టన్‌ట్యాప్ యాడ్ డెవ్ ట్యాప్0 మోడ్ ట్యాప్ యూజర్ రవి

రవి చోట మీ లాగిన్ పేరు. తర్వాత ట్యాప్0ని బ్రిడ్జిలో (ఇంటర్‌ఫేస్‌లని కలిపే సాఫ్ట్‌వేర్ స్విచ్) కలిపి అప్ చేయడం కూడా రూటే చేయాలి. క్యూఈఎంయూకి స్క్రిప్ట్=నో, డౌన్‌స్క్రిప్ట్=నో ఇవ్వండి, లేకపోతే అది మళ్లీ రూట్ పనులకి దిగి ఆగిపోతుంది.

యూజర్ గానీ గ్రూప్ గానీ రాయడం మాత్రం మరవద్దు. రెండూ వదిలేస్తే, ఆ టన్ ఫైలు తెరవగలిగిన ఎవరైనా మీ ట్యాప్0కి తగులుకోవచ్చు. పదిమంది లాగిన్ అయ్యే ల్యాబ్ సర్వర్‌లో ఇది చిన్న విషయం కాదు.

"డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ" వస్తే పాత క్యూఈఎంయూ ఇంకా దాన్ని పట్టుకుని ఉందేమో చూడండి. రీబూట్ చేస్తే ట్యాప్0 పోతుంది. అందుకే, సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ (బూట్‌లో నెట్‌వర్క్ సెట్ చేసే సర్వీస్) వాడుతుంటే .నెట్‌డెవ్ ఫైల్లో ట్యాప్ విభాగం కింద యూజర్=రవి అని రాసుకోండి.