అవతలోళ్లు కోర్టుకు రాకపోయినా భూమి మనదని రుజువు చేసుకోవాల్సిందే, ఎట్లంటే

మాది పత్తికొండ పక్కన పల్లె. తాత పేరు మీదున్న చేను గురించి దావా వేసినాం, అవతలోళ్లు సమన్లు తీసుకుని కూడా రాలేదు, కోర్టు వాళ్లని ఎక్స్‌పార్టీ చేసింది, అంటే వాళ్లు లేకుండానే కేసు నడిపింది, ఇంకేముంది గెలిచినట్టే అని ఊర్లో అందరూ అన్నారు. అట్ల అనుకోవద్దండి. జవాబు దావా వేయనంత మాత్రాన కళ్లు మూసుకుని డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) ఇవ్వకూడదని 1999లోనే బల్‌రాజ్ తనేజా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎదుటోడు లేకపోయినా రుజువు చేసే భారం మన మీదే.

అన్నదమ్ములు అక్కచెల్లెళ్లు అందరూ ఒప్పుకుంటే మాత్రం కోర్టు దాకా పోవద్దు, భాగపరిష్కారం రాసుకుని రిజిస్టర్ చేసుకోండి చాలు. దావా వేయక తప్పదంటే వారసుల్లో ఒక్కరినీ వదలకండి, ముఖ్యంగా ఆడబిడ్డల్ని, 2005 సవరణ తర్వాత ఉమ్మడి ఆస్తిలో వాళ్లకీ కొడుకులతో సమానంగా వాటా ఉంది.

సాక్ష్యం రోజు మీరే పీడబ్ల్యూ1, అంటే దావా వేసినోళ్ల తరఫు మొదటి సాక్షి. లాయర్ రాసిచ్చిన చీఫ్ అఫిడవిట్ (మీ సాక్ష్యం రాసిన ప్రమాణపత్రం) మీద ఊరికే సంతకం పెట్టేయకుండా ఇంట్లో కూర్చుని ఒక్కో లైను చదవండి, తాతకి భూమి ఎట్ల వచ్చింది, ఎవరు ఎప్పుడు చనిపోయినారు, ఇప్పుడు చేను ఎవరు సేద్యం చేస్తున్నారు, ఇవన్నీ వరసగా ఉండాల. మేము ఇక్కడే దెబ్బ తిన్నాం, దావా షెడ్యూల్లో సర్వే నంబరు సబ్‌డివిజన్ అక్షరం తప్పు పడింది, సవరణ పిటిషన్ వేసుకుని నెలలు పోగొట్టుకున్నాం. అందుకే ఎకరాలు, సెంట్లు, నాలుగు దిక్కుల హద్దులు పాత దస్తావేజుతో పక్కన పెట్టుకుని సరిచూడండి.

కాగితాల్లో ఒరిజినల్ దస్తావేజు ముఖ్యం, అది పోయుంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీసుకుని ఒరిజినల్ ఎట్ల పోయిందో అఫిడవిట్లో రాయించండి. మరణ ధృవపత్రాలు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఈసీ (రిజిస్టరైన లావాదేవీల జాబితా), పాత అడంగళ్లు (సాగు రికార్డు), 1బి (భూమి హక్కుల రికార్డు) అన్నీ సాక్ష్యం కాగితాలుగా ఏ1, ఏ2 అని నంబర్లు వేయించి మార్క్ చేయించాలి. ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో ప్రింటు తీసిన కాగితం కంటే సర్టిఫైడ్ కాపీ మేలు. ఇంకొకటి, 1బి గానీ పాస్‌బుక్ గానీ ఒక్కటే చూపిస్తే హక్కు తేలిపోదు, ఆ హక్కు ఎక్కడి నుంచి వచ్చిందో చూపించాల.

పీడబ్ల్యూ2గా చుట్టాల కంటే హద్దు రైతుని తీసుకుపోండి, మా తాతని ఎరిగిన పెద్దాయన వచ్చి మూడు తరాలు చెప్పినాక మా కేసుకి బలం వచ్చింది. వీలునామా ఉంటే దాని మీద సాక్షి సంతకం పెట్టినోళ్లలో బతికున్న ఒకరైనా వచ్చి చెప్పాల్సిందే, అవతలోళ్లు రాకపోయినా ఇది తప్పదు.

డిక్రీ వచ్చినాక జడ్జిమెంటు, డిక్రీ రెండిటికీ సర్టిఫైడ్ కాపీలకి వెంటనే అప్లై చేయండి. భాగాల దావా అయితే ఎవరికెంత వాటానో తేల్చే ప్రిలిమినరీ డిక్రీతో ఆగొద్దు, భూమిని విడగొట్టి ఇచ్చే ఫైనల్ డిక్రీ అయి అది స్టాంపు పేపర్ల మీదికి ఎక్కాల. అవతలోళ్లు 30 రోజుల్లో డిక్రీ కొట్టేయమని అడగొచ్చు, సమన్లు సరిగ్గా అందకుంటే ఆ లెక్క వాళ్లకి తెలిసిన రోజు నుంచి మొదలవుతుంది, అందుకే సమన్లు అందిన రుజువు ఫైల్లో ఉందో లేదో మొదట్లోనే చూసుకోండి. ఆ తర్వాతే మ్యుటేషన్‌కి (రెవెన్యూ రికార్డులో పేరు మార్పుకి) డిక్రీ కాపీ జతచేసి తహసీల్దార్‌కి అర్జీ పెట్టండి, 1971 పాస్‌బుక్ చట్టం 8(2) కింద డిక్లరేషన్ డిక్రీ ప్రకారం రికార్డు మార్చాల్సిందే.